చిన్నాయన కడుపులోని కోపం

నా చిన్నప్పుడు నర్మెట్ట దగ్గరి మా ఊళ్లో మా చిన్నాయనను పశువుల కొట్టంలో గుంజకు కట్టేసి కొట్టారు. నేను ఊరికే చూస్తూ నిలబడలేదు. "ఇంక కొట్టుండ్రి!" అని అరిచాను. ముందురోజే ఆయన నన్ను గోడకేసి కొడితే పన్ను ఊడింది మరి.

అంతకుముందు ఆయనంత మెత్తటి మనిషి మా ఇంట్లో లేడు. ఆ ఏడు విషజ్వరం వచ్చి, నెలంతా సూదిమందులతో బతికాడు. మా వైపు జ్వరం వచ్చిన మనిషిని చల్ల, పులుపు ముట్టనివ్వరు. మా పెద్దలు భయంకొద్దీ ఆ పథ్యాన్ని మూడు నెలలు సాగదీశారు. బియ్యపు జావ, బ్రెడ్డు తప్ప ఇంకేమీ లేదు. ఆయన కడుపు బిగుసుకుపోయింది, నిద్ర కరువైంది, చివరికి మనిషే మారిపోయాడు. ఒకరోజు కాడెద్దును కర్రతో నేలకూలేదాకా బాదాడు. దాంతో దయ్యం పట్టిందని తేల్చేశారు.

భూతవైద్యుడు "ఎవరు నువ్వు? చెప్పు!" అంటూ చింతబరికెతో కొడుతుంటే చిన్నాయన వీపు చిట్లి రక్తం కారింది. ఆయనను కన్న మా అవ్వ, కూతురి కాన్పుకని పెద్దవంగర పోయి, సరిగ్గా అప్పుడే తిరిగొచ్చింది. బరికె గుంజుకుని ఆ వైద్యుడి మూతి మీదే ఒక్కటి వేసింది. తర్వాత చిన్నాయన గడ్డం పట్టుకుని, "కడుపు కదలక ఎన్ని దినాలైంది బిడ్డా?" అని అడిగింది. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. ఆయన మాత్రం బోరున ఏడ్చాడు.

అవ్వ కట్లు విప్పి జనగామ దవాఖానకు తీసుకుపోయింది. డాక్టరు మందులిచ్చి, పథ్యం మానమన్నాడు. ఇంటికొచ్చాక పులిసిన జొన్న అంబలిలో చల్ల కలిపి ఇస్తే, చిన్నాయన ఆ గిన్నెతోనే అవ్వ నొసలు పగలగొట్టాడు. మర్నాడు అవ్వ తలకు గుడ్డ కట్టుకుని, గిన్నె నా చేతికిచ్చింది.

"కొట్టుమని ఒర్లినవ్ గదా, నువ్వే తాగిపియ్యి."

భయమేసింది. సిగ్గు అంతకన్నా ఎక్కువై, గిన్నె తీసుకుపోయి ఆయనకు అందించాను. చిన్నాయన సగం తాగి పడుకున్నాడు. అలా నెల దాటాక ఒకరోజు, "జర ఇంకింత పొయ్యి బిడ్డా" అన్నాడు. నేను ఏడ్చేశాను.

కడుపులోని సూక్ష్మజీవులకూ మనసుకూ లంకె ఉందని డాక్టర్లు అంటున్నారట, మొన్న మా మనుమరాలు చెప్పింది. చిన్నాయనకు అంబలితో నయమైందో, మందులతోనో, ఓపికతోనో నాకు తెలియదు. నాకూ కోపం ఎక్కువే, ఎంతోమంది మీదికి చెయ్యి లేపాను. కానీ అది దిగేలోపే, ఈ మనిషి లోపల ఏం బాధపడుతున్నాడో అనిపిస్తుంది. ఆ చెయ్యి ఇంతవరకు ఎవరి మీదా పడలేదు.