ఆటలో ఆయనకు పెట్టిన పేరు

మొన్నొక ఆదివారం పగటిపూట హిందూపురంలో మా చెల్లెలి ఇంటి వరండాలో కూర్చుని చింతపండులో గింజలు తీస్తున్నాను. పక్కనే మా చెల్లెలి మనవరాలు ఫోనులో ఏదో కొత్త ఆట తెరిచి, కత్తీ డాలూ పట్టుకుని నిలబడ్డ ఒక బొమ్మను నా మొహం ముందు పెట్టి, "పెద్దవ్వా, వీనికి పేరు పెట్టల్లంట, ఏం పెడదాం చెప్పు" అని అడిగింది. నా కుడిచేయి నాకు తెలియకుండానే పోయి ఎడమ ముంజేతి మీద పడింది. ఆ పిల్ల తన ధ్యాసలో ఉండి చూడలేదు. ఇరవై ఏళ్ళ కిందట ధర్మవరంలో ఇదే మాట ఇంకొకరు అడిగినప్పుడు కూడా నా చేయి ఇట్లాగే కదిలింది.

నాకు రాయడం రాదు. వేలిముద్ర అవసరం లేకుండా సంతకం పెట్టగలను, బస్సు నుదుటి మీద ఊరి పేరు కూడబలుక్కోగలను, అంతే. నేను చెబుతుంటే ఆ మనవరాలే రాస్తోంది, మధ్య మధ్యలో నవ్వుతోంది కూడా. నవ్వదా మరి, నా వయసు మనిషి కంప్యూటరులో ఆట ఆడిందంటే, అందులోనూ రెండేళ్ళపాటు దానికోసమే పొద్దున లేచిందంటే ఎవరైనా నవ్వుతారు. మీరు నవ్వినా నాకు కోపం లేదు.

మాది పెనుకొండ దగ్గర ఒక పల్లె. పెళ్ళయిన కొత్తలో మా అత్త నన్ను పెనుకొండకు తీసుకుపోయి, బస్టాండు దగ్గర కూర్చున్న ఆమెతో ఎడమ ముంజేతి మీద ఆయన పేరు పచ్చబొట్టు పొడిపించింది. మా కాలంలో మొగుడి పేరు నోటితో పలికేవాళ్ళం కాదని మీకు చెప్పే పనిలేదు. రేషను కార్డువాళ్ళు అడిగినా, ఆసుపత్రిలో చీటీ రాసే పిల్ల అడిగినా పక్కనున్నవాళ్ళ చేత చెప్పించేవాళ్ళం, పక్కన ఎవరూ లేకపోతే ఊరకే చేయి చాచేవాళ్ళం. సూదులతో పొడిచేటప్పుడు నేను ఏడుస్తుంటే ఆయన ఎదురుగా నిలబడి, ఏం చెయ్యాలో తెలియక కుడిచెవి వెనక గీరుకున్నాడు. అది ఆయన అలవాటు. మగ్గంలో పోగు తెగినా, ఎవరైనా మాట అడిగితే జవాబు తోచకపోయినా ఆ చేయి చెవి వెనక్కే పోయేది.

పల్లె వదిలి ధర్మవరం వచ్చాక మాది ఒక మగ్గం ఇల్లు. పట్టుచీర నేయడం ఎంత పనో ఆ వీధుల్లో పుట్టినవాళ్ళకు తప్ప తెలియదు, అది ఇప్పుడు వద్దు. ఆయన పోయిన రోజు మధ్యాహ్నం పెళ్ళివాళ్ళు చీర కోసం వచ్చి అరుగు మీద కూర్చుని ఉన్నారు. ఆయన కాళ్ళు దించుకుని కూర్చున్న మగ్గం గుంతలోంచి తల ఎత్తి, "రవ్వంతసేపు పండుకుంటానే" అన్నాడు. "కొంగు అయిపోనీ, ఇంగ జానెడే కదా" అన్నాను నేను. ఆ జానెడూ నేశాడు. తర్వాత తల తెచ్చి పడుగు మీద ఆనించాడు. కునుకు తీస్తున్నాడనుకుని నేను గొంతు తగ్గించి మాట్లాడుతూ పెళ్ళివాళ్ళకు మజ్జిగ కూడా ఇచ్చాను. చాలాసేపు అట్లాగే పడుకోనిచ్చాను. ఇంక దాని గురించి చెప్పను.

మాకు పిల్లలు లేరు. ఆయన ఫోటో కూడా ఒక్కటీ మిగల్లేదు, పెళ్ళిలో తీసినవి ఒక వానాకాలం మిద్దె కారి తెల్లగా కరిగిపోయాయి. మూడు నాలుగేళ్ళు గడిచేసరికి కళ్ళు మూసుకుంటే ఆయన మొహం రావడం మానేసింది. చెవి వెనక చేయి మాత్రం వచ్చేది. మొహం లేదు, చేయి ఒక్కటే. అది ఎంత భయంగా ఉంటుందో ఎవరితో చెప్పుకునేది?

బతకాలి కాబట్టి చీరల డిజైన్లు చేసే ఒక ఇంట్లో అట్టలు కుట్టే పనికి కుదిరాను. చీర అంచులో నెమలి రావాలన్నా హంస రావాలన్నా ముందు గళ్ళ కాగితం మీద దాన్ని చదరం చదరంగా వేసి, ఆ చదరాల లెక్కన అట్టలకు బెజ్జాలు కొట్టి, ఆ అట్టలను వరస తప్పకుండా దారంతో కుట్టి మగ్గం మీద బొమ్మ తేల్చే జకార్డు పెట్టెకు తగిలిస్తారు. ఒక్క అట్ట వరస తప్పితే నెమలి మెడ విరుగుతుంది. నాకు అక్షరాలు రాకపోయినా చదరాలు వచ్చేవి, దూరం నుంచి గళ్ళ కాగితం చూసి ఇది చిలక, ఇది మామిడిపిందె అని చెప్పేదాన్ని. రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో ఆ ఇంటికి గళ్ళ కాగితం బదులు కంప్యూటరు వచ్చింది, దాంతోపాటు అది నేర్చుకున్న కోడలూ హిందూపురం నుంచి వచ్చింది.

మంచి పిల్ల. తెలుగులో కన్నడం కలిపి మాట్లాడేది, కొత్త ఊళ్ళో తోడు లేక నాతో ఒకటే కబుర్లు చెప్పేది. మధ్యాహ్నం అన్నాలయ్యాక అత్తగారు పడుకోగానే, పుట్టింటి నుంచి తెచ్చుకున్న ఒక సీడీ పెట్టి ఆట ఆడేది. ఆట అంటే ఏదో గెలుపూ ఓటమీ అనుకున్నాను. కాదు. ఒక మనిషిని ఎంచుకుని, ఆ మనిషివే నువ్వయి, ఊర్లూ అడవులూ తిరగడం. ఒకరోజు నన్ను కుర్చీలో కూర్చోబెట్టింది. తెరమీద నలుగురు మనుషులు వరసగా నిలబడ్డారు, అంతా చదరాలతో కట్టిన మనుషులే, మన చీరల మీది బుటాల్లాగా. ముట్టుకోకుండా చూస్తూ కూర్చుంటే, మూడోవాడు కుడిచేయి ఎత్తి చెవి వెనక గీరుకున్నాడు.

అతణ్ణే చూపించాను.

"పేరు పెట్టల్ల అక్కా. పేరు లేకుంటే ముందుకు పోనీదు" అంది కోడలు.

అప్పుడే నా చేయి కదిలింది. కొంగు పక్కకు లాగి, గాజులు లేని ముంజేయి ఆమె ముందు చాచాను. ఆమె చదివింది, ఒక్కసారి నా మొహం చూసి ఇంగ్లీషులో కొట్టింది. ఆరు అక్షరాలు. ఆ ఆరింటినీ నేను చదరాల లెక్కన గుర్తుపెట్టుకున్నాను, ఈ రోజుకీ ఆ ఆరే నాకు వచ్చిన ఇంగ్లీషు. ఆ మనిషి తల మీద ఆ పేరు పెట్టుకుని ఊళ్ళోకి నడిచాడు.

అబద్ధం ఎందుకు, అంత సుఖం నేను ఎరగను. బయట ధర్మవరంలో నేను సందు మలుపులో ఎదురైతే శుభకార్యానికి పోయేవాళ్ళు గుమ్మంలోకి వెనక్కి అడుగేసేవాళ్ళు. ఆ ఆటలో ఎవరి దగ్గరకు పోయినా వాళ్ళు ఇటు తిరిగి నిలబడి మాట్లాడేవాళ్ళు. ఏం మాట్లాడేవాళ్ళో నాకు తెలియదు, మాటలు తెర మీద ఒక పెట్టెలో పడేవి, కింద అవునా కాదా అని రెండు ముక్కలు వచ్చేవి. మూడక్షరాలది అవును, రెండక్షరాలది కాదు, కోడలు అంతవరకు నేర్పి పక్క గదిలో నడుం వాల్చేది. నేను ఏం అడుగుతున్నారో తెలియకుండానే అవుననీ కాదనీ చెప్పుకుంటూ, ఆయన్ని పడవ ఎక్కించాను, కొండలు దాటించాను, ఎన్నడూ చూడని మంచులో నడిపించాను. ఆయనతో కలిసి బతికిన ఆరేళ్ళలో హిందూపురం దాటి ఎక్కడికీ పోలేదు, ఇక్కడ మాత్రం ఇద్దరం తిరగని చోటు లేదు. కోడలు లేచి వచ్చి, "ఏమక్కా, యాడికి తోల్కపోతాండావు మీ ఆయన్ని ఈ పొద్దు? ఏట్లో దింపొద్దు, ఈత రాదేమో" అని నవ్వేది. అత్తగారు లేస్తే మాత్రం తలుపు దగ్గరి నుంచే, "ఏమ్మే, అట్టలు కుడతాండావా, బొమ్మలు చూస్కుంటా కూచుండావా?" అని గదిమేది.

ఆమెకు వినబడుతుందని ఆట గొంతు నొక్కేసి పెట్టేవాళ్ళం. అందుకని ఆయన అడుగులకు సద్దు ఉండేది కాదు. కానీ పక్కింట్లో మగ్గం ఆడుతుండేది కదా, ఆ టకటకకు సరిగ్గా ఆయన అడుగు పడేది. ఎన్నోసార్లు చూశాను, పక్కింటి మగ్గం ఆగితే ఆయనా ఆగేవాడు. నా వేలే ఆగి ఉంటుంది, అట్లా అనుకునేదాన్ని.

ఆ ఆటలో మొదటి ఊరి చివర ఒక గుడిసె, గుడిసె ముందు ఒక ముసలావిడ. తల మీద నల్లటి ముసుగు, మొహం ఉండాల్సిన చోట రెండు చదరాలు తప్ప ఏమీ లేవు. దగ్గరకు పోతే ఏదో ఒకే ఒక్క ప్రశ్న అడిగేది, మిగతావాళ్ళలాగా చాలాసేపు మాట్లాడేది కాదు. నాకు ఆమెను చూస్తే భయం. చూడగానే కాదు అని నొక్కి ఆయన్ని దూరంగా తీసుకుపోయేదాన్ని.

ఇంత భయం ఎందుకంటే, ముందురోజు ఆయన్ని ఎక్కడ వదిలిపెట్టినా మర్నాడు తెరిచేసరికి ఆమె ముందు నిలబడి ఉండేవాడు. మొదటిసారి నేనే మరిచిపోయాననుకున్నాను. తర్వాత గుర్తుకోసం అట్ట ముక్క మీద బొమ్మ గీసి పెట్టుకున్నాను, ఇదిగో పడవ, ఇదిగో వంతెన, ఈయన ఇక్కడ అని. మర్నాడు చూస్తే వంతెన మీద లేడు. రెండూళ్ళు వెనక్కి వచ్చి, నల్ల ముసుగు ముందు, మాకు వీపు పెట్టి నిలబడి ఉన్నాడు. కోడల్ని అడిగితే, "నేను ముట్టుకోలేదు, దేవుని మీదొట్టు. కరెంటు పోతే ఎనక్కి పోతాడేమోలే అక్కా" అంది. కరెంటు పోని రోజుల్లో కూడా పోయేవాడు. ఆమె అడిగేది, నేను కాదు అనేదాన్ని, ఆయన మళ్ళీ నా వెంట నడిచేవాడు. పోను పోను చెవి గీరుకోవడం ఎక్కువైందని నాకు అనిపించేది. అదీ నా భ్రమే కావచ్చు.

భయపడుతూ కూడా ఆడటం మానలేదు. మానితే ఆయన ఆమె ముందే నిలబడిపోతాడని భయం. పొద్దున అట్టలు కుడుతూ కూడా అదే ధ్యాస, ఈ రోజు ఎక్కడున్నాడో, ఎంత దూరం వెనక్కి పోయాడో అని. రెండేళ్ళు అట్లా లాగాను.

చివరికి డిజైన్ల పనికి పాత యంత్రం చాలడం లేదని కొత్తది కొన్నారు. పాతదాన్ని మర్నాడు తీసుకుపోతారని, అందులో ఉన్నదంతా చెరిపేస్తారని కోడలు మెల్లగా చెప్పింది. ఆ రోజు మధ్యాహ్నం ఆమె నడుం వాల్చలేదు, స్టూలు లాక్కుని నా పక్కనే కూర్చుంది. తెరిచాం. ఆయన ముసలావిడ ముందే ఉన్నాడు. ఆమె అడిగింది. నా వేలు అలవాటుగా రెండక్షరాల ముక్క మీదికి పోతుంటే కోడలు నా చేయి పట్టుకుంది.

"ఉండక్కా, ఏమడుగుతాందో చూడనీ" అని వంగి, ఒక్కొక్క మాటా కూడబలుక్కుని చదివింది. "శానా దూరం నడిచినావు. అలిసిపోయినావు. రవ్వంతసేపు ఈడ పండుకుంటావా? అంటాండాది."

రవ్వంతసేపు అని అందులో నిజంగా రాసి ఉందో, ఆ పిల్ల మా మాటల్లోకి తిప్పి చెప్పిందో నాకు తెలియదు. అడగలేదు. నా చెవుల్లో పక్కింటి మగ్గం ఆగిపోయింది. ఆయన రెండేళ్ళుగా, నేను ఎక్కడ వదిలితే అక్కడి నుంచి అంత దూరం నడిచి వచ్చి ఆ గుమ్మంలో నిలబడింది ఈ ఒక్క మాట కోసం. నేను ప్రతిరోజూ కాదు అన్నాను. కాదు, ఇంకో జానెడు. కాదు, ఇంకో ఊరు.

"అక్కా, అవునంటే ఆట అయిపోతుందేమో. మల్లా తెరుచుకోదేమో" అంది కోడలు.

మూడక్షరాల ముక్కను నొక్కాను.

ఆయన మా వైపు తిరిగాడు. ఒకసారి చెవి వెనక గీరుకుని గుడిసెలోకి పోయాడు. తెరంతా నల్లబడింది. ఆ నలుపులో తెల్లగా ఆ ఆరు అక్షరాలు మాత్రం మిగిలాయి, వాటితోపాటు ఇంకేమీ లేదు. నాకు వచ్చిన ఇంగ్లీషు అదొక్కటే కదా, నేను దాన్ని చదివాను. పైకి, గొంతు విప్పి చదివాను. పెళ్ళయినప్పటి నుంచి ఆ రోజువరకు నా నోటితో పలకని పేరు. కోడలు చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పక్క గదిలోంచి అత్తగారు, "ఎవరే వచ్చిండేది? ఎవర్నో పిలిచినట్లుండాదే?" అని అడిగింది. ఆ సాయంత్రం ఇంటికి నడుస్తుంటే ఆయన మొహం, ముక్కు పక్కన మచ్చతో సహా, పూర్తిగా కళ్ళముందు నిలబడింది. అప్పటి నుంచి పోలేదు.

ఇప్పుడు ధర్మవరంలో చాలా ఇళ్ళలో మగ్గం గుంతలు పూడ్చేసి బండలు పరిచారట. పెళ్ళయిన పిల్లలు మొగుళ్ళను వీధి చివరి నుంచి పేరు పెట్టి పిలుస్తారు, వాళ్ళూ పలుకుతారు, వినడానికి ముచ్చటగానే ఉంటుంది. నా మనవరాలి ఆటలో మనుషులు గొంతు విప్పి మాట్లాడతారు, ఏమడుగుతున్నారో తెలియకుండా జవాబు చెప్పే అవస్థ ఆ పిల్లకు లేదు. నా ముంజేతి మీది పచ్చ మాత్రం ముడతల్లోకి పాకి, చదవరాని మరకయిపోయింది. ఇప్పుడు ఎవరికైనా చేయి చాచినా లాభం లేదు.

మొన్న ఆ పిల్ల వదల్లేదు. "పెద్దవ్వా, పెద్దతాత పేరు పెడదామా? ఏం పేరు పెద్దతాతది?" అని మోకాలు పట్టుకుని ఊపింది. ఆ పేరు తప్ప ఇంకేదైనా పెట్టుకోమన్నాను. ఎందుకని అడిగింది.

పడుకున్న మనిషిని లేపకూడదన్నాను.