మెడకు గుడ్డ చుట్టుకున్న అభ్యర్థి

మా వీధి మలుపులో సెలూన్ నడిపే బాబాయి కౌన్సిలర్‌గా పోటీ చేస్తున్నాడంటే మొదట నేను నమ్మలేదు. పోటీ చేసేవాడికి ఎవరితోనో ఒకరితో పేచీ ఉండాలి. మా బాబాయికి ఈగతో కూడా పేచీ లేదు. అద్దం మీద వాలితే తువ్వాలు మెల్లగా ఊపి, "ఇక వెళ్లమ్మా" అని సాగనంపే రకం.

ఆయన వృత్తిలో ఒక పద్ధతి ఉంది. గడ్డం కింద కత్తి ఆడుతున్నంతసేపూ కుర్చీలోని మనిషి ఏమన్నా సరే, "అంతే కదండీ" అనాలి. కాదంటే ఆ మనిషి విసురుగా తల తిప్పుతాడు. తిప్పితే తెగుతుంది. పని నేర్చుకునే రోజుల్లో గురువు చెప్పిన మాట అది. ఏళ్ల తరబడి అద్దంలోకి చూస్తూ అదే అనీ అనీ, చేతిలో కత్తి లేనప్పుడు కూడా ఆయన నోటికి మరో మాట రాకుండా పోయింది. కుర్చీలో కూర్చున్న ఒకాయన "నీలాంటి మంచివాడు కౌన్సిల్లో ఉండాలయ్యా" అన్నాడట. "అంతే కదండీ" అన్నాడట ఈయన. అలా అభ్యర్థి అయిపోయాడు.

అయితే ఎంత పనిమంతుడైనా తన జుట్టు తాను కత్తిరించుకోలేడు కదా! ఆ పని మా పిన్నిది. ఆదివారం పొద్దున పెరట్లో స్టూలు వేసి, ఆయన మెడకు గుడ్డ చుట్టి, కత్తెర పట్టుకుంటుంది. కత్తెర చెవి దగ్గర టకటకలాడగానే బాబాయి నోరు తెరుచుకుంటుంది. మాది పక్కిల్లే కాబట్టి గోడ ఇవతల నాకు అన్నీ వినపడతాయి.

"లైబ్రరీకి ఆరింటికే తాళం వేస్తే పనికెళ్లేవాళ్లు ఎప్పుడు చదువుకోవాలే? ఆ పార్కులో బల్లలన్నీ ఎండలో పెట్టిన మహానుభావుణ్ణి గంటసేపు వాటి మీద కూర్చోబెట్టాలి!"

"తల కదపకండి. చెవి పోతుంది," అంటుంది పిన్ని.

అసలు చిక్కు బస్టాపుతో వచ్చింది. అది మందుల షాపు ముందే ఉంది. జనం అడ్డమై బేరాలు పోతున్నాయి, అవతలి వీధికి జరిపించమన్నాడు షాపాయన, గడ్డం గీయించుకుంటూ. "అంతే కదండీ." మోకాళ్ల నొప్పులతో అంత దూరం ఎలా నడుస్తాను, బస్టాపు ఉన్నచోటే ఉంచాలన్నాడు రిటైరైన పోస్ట్‌మాస్టరు, మీసం దిద్దించుకుంటూ. "అంతే కదండీ."

పోలింగుకు ముందు ఆదివారం సాయంత్రం కాలనీ హాల్లో సభ పెట్టారు. అభ్యర్థి తన అభిప్రాయాలు చెప్పాలి. ప్రచారం హడావుడిలో ఆ పొద్దున క్షవరం తప్పిపోయింది. చెవుల మీద పడుతున్న జుట్టుతోనే వేదిక ఎక్కాడు. వీలు చిక్కితే మెట్ల దగ్గరైనా సరిచేద్దామని పిన్ని సంచీలో కత్తెర, గుడ్డ పెట్టుకొచ్చింది.

షాపాయన ముందు లేచాడు. "బస్టాపు జరిపిస్తానన్నావు. నలుగురిలో ఆ మాట చెప్పు."

"జరిపిస్తాడా?" పోస్ట్‌మాస్టరు చేతికర్ర ఊతంగా లేచి నిలబడ్డాడు. "ఏం నాయనా, నా మీసం మీద చెయ్యేసి మరీ ఒప్పుకున్నావు కదా!"

హాలంతా గొల్లుమంది. "ఇద్దరికీ ఒకటే కటింగా?" అని వెనకనుంచి ఎవరో అరిచారు. బాబాయి మైకు పట్టుకుని అటు చూశాడు, ఇటు చూశాడు. ఇద్దరూ రోజూ వచ్చేవాళ్లే. ఒకరికి అవునంటే రెండోవారి గడ్డం ఇంకో సెలూన్‌కు పోతుంది, ఓటు ఎటూ పోతుంది. తీరా నోరు తెరిస్తే వచ్చింది ఒక్కటే మాట: "అంతే... కదండీ."

ఈసారి ఎవరూ నవ్వలేదు. నవ్వినా బాగుండేది.

అప్పుడు మా పిన్ని చకచకా వేదిక ఎక్కింది. భుజాలు పట్టి ఆయన్ని కుర్చీలో కూలదోసింది, మెడకు గుడ్డ చుట్టింది, కత్తెర తీసింది.

"ఏమిటే ఇది, నలుగురిలో!"

"మాట్లాడకండి. కాదు, మాట్లాడండి," అని చెవి దగ్గర కత్తెర ఆడించింది. "బస్టాపు సంగతేమిటి?"

బాబాయి కళ్లు మూసుకున్నాడు. భుజాలు దిగాయి. ఆ తర్వాత వచ్చిన గొంతు నేను గోడ అవతలనుంచి వినే గొంతే.

"బస్టాపు ఎక్కడికీ పోదు. షాపుకి అడ్డం జనం కాదు, ఫుట్‌పాత్ మీద ఆయన పెట్టించే స్కూటర్లు! అవి తీస్తే జనమూ నిలబడొచ్చు, బేరమూ రావచ్చు."

షాపాయన మొహం మాడిపోయింది. పోస్ట్‌మాస్టరు మీసం దువ్వుకున్నాడు.

"మీసం తర్వాత దువ్వుదురు గానీ," అన్నాడు బాబాయి కళ్లు తెరవకుండానే, "మీ ఇంటి ముందు మురుగు కాలువ మీద బండ పరిచి పూలకుండీలు పెట్టిందెవరు? అది తీయకపోతే పూడిక ఎలా తీస్తారు? నన్నూ అనండి, నా షాపు జుట్టంతా ఆ కాలువలోకే పోతోంది. రేపట్నుంచి సంచీలో పోస్తాను."

"నా దగ్గర ఎన్నిసార్లన్నారో ఈ మాట," అంది పిన్ని సభ వైపు తిరిగి. "ఇటు తల తిప్పండి."

లైబ్రరీ వేళలు, పార్కు బల్లలు అన్నీ అయ్యాయి. క్షవరం ముగిసేసరికి హాల్లో ప్రతివాడి మీదా ఏదో ఒకటి పడింది. పిన్ని గుడ్డ దులపగానే బాబాయి మళ్లీ మామూలు మనిషై, ఎవరి మొహమూ చూడకుండా దిగిపోయాడు. "రేపు షాపు తెరిచినా ఒక్కటే, మూసినా ఒక్కటే," అని దారంతా గొణిగాడు.

గెలిచాడు. ఎలాగో ఆయనకే తెలియదు.

ఫలితం వచ్చిన మర్నాడు నేను సెలూన్‌లో నా వంతుకోసం కూర్చున్నాను. మందుల షాపాయన వచ్చి తిన్నగా కుర్చీ ఎక్కాడు. గడ్డానికి నురగ పట్టించుకుని, కుడివైపు గీయడం అయి కత్తి మెడ మీదికి రాగానే అన్నాడు: "నేను నీకు ఓటెయ్యలేదయ్యా."

"తెలుసండీ. తల కాస్త ఎత్తండి."

"బస్టాపు మాత్రం జరపాల్సిందే. ఏమంటావ్?"

బాబాయి నోట్లో పాత మాట కదలడం అద్దంలో నాకు కనపడింది. కత్తిని మెడ దగ్గర్నుంచి తీసి, చెయ్యి బారచాచి దూరంగా పట్టుకున్నాడు.

"కాదండీ," అన్నాడు.

షాపాయన విసురుగా తల తిప్పాడు. ఏమీ తెగలేదు. అద్దంలో గడ్డం చూసుకుని, మళ్లీ వెనక్కి వాలాడు.

"సరే, ఎడమవైపు మిగిలింది. కానివ్వు."