లిఫ్ట్‌లో అవ్వ

మా గేటెడ్ కమ్యూనిటీలో బుర్రలకు కొదవ లేదు. పూల్ నీళ్లు కాస్త పచ్చబడితే చాలు, మూల కారణం ఏమిటని మీటింగ్ పెడతాం. కుక్క పుట్టినరోజుకు పిలిస్తే కేక్‌లో చక్కెర ఎంత వేశారని అడుగుతాం. ఇలాంటి మనుషుల మధ్య ఆరో అంతస్తు అవ్వ సాయంత్రం పూట కారిడార్‌లో ప్లాస్టిక్ స్టూల్ వేసుకుని కూర్చోవడం మొదలుపెట్టింది.

మా టవర్లు లేచిన నేల ఒకప్పుడు వాళ్లదే. పొలం బిల్డర్‌కిచ్చి ఫ్లాట్లు తీసుకున్నారు. కొడుకు స్థలాల వ్యాపారంలో తిరుగుతుంటాడు, కోడలు స్కూలు, ట్యూషన్లు ముగించుకుని చీకటి పడ్డాక వస్తుంది. అవ్వ ఈడు వాళ్లు ఒకరు ప్రగతి నగర్‌కు, ఒకరు బోరబండకు, అందరూ తలో దిక్కూ పోయారు. పొద్దుగూకే వేళ అరుగు మీద కూర్చుని వచ్చేపోయే వాళ్లను పలకరించడం ఆమెకు పుట్టినప్పటి నుంచీ అలవాటు. మా బిల్డింగ్‌లో అన్నీ ఉన్నాయి, అరుగు తప్ప.

కారిడార్‌లో వస్తువులు పెట్టకూడదని మా అసోసియేషన్ నియమం. అగ్నిప్రమాదం జరిగితే దారికి అడ్డమట. ఎవరో ఫొటో తీసి గ్రూపులో పెట్టారు. ఫొటోలో స్టూల్ మీద అవ్వ కూడా ఉంది. ఎర్ర గీత మాత్రం స్టూల్ చుట్టూనే గీశారు.

మా ప్రెసిడెంటు గారు కాకినాడ వైపు మనిషి, మర్యాద దగ్గర రవ్వంత తేడా రానివ్వరు. మీటింగ్‌లో అవ్వను ముందు వరుసలో కూర్చోబెట్టి మరీ చెప్పారు.

"అమ్మగారి మీద మాకే అభ్యంతరం లేదండి. అభ్యంతరమల్లా స్టూల్ మీదే. ఆవిడ నిలబడితే ఎంతసేపైనా ఉండొచ్చండి."

"మోకాళ్లు గుంజుతయి బిడ్డా. ఎంతసేపని నిలవడాలె?"

"పోనీ క్లబ్ హౌస్‌లో సోఫాలున్నాయి కదండీ."

"ఆడికెవరొస్తరు?"

అందరం ఫోన్లు చూసుకున్నాం. క్లబ్ హౌస్‌కు ఎవరూ రారని అందరికీ తెలుసు.

మర్నాడు ఆఫీసు నుంచి వచ్చి లిఫ్ట్ ఎక్కితే లోపల మూలన అవ్వ కూర్చుని ఉంది. అదే స్టూల్. ఇక్కడేంటవ్వా అన్నాను. మా కడప వైపు నాయనమ్మను అలాగే పిలుస్తాం, నోటికి అదే వచ్చింది.

"గిది కారిడార్ గాదు గదా. నువ్వేం కూర వండుతున్నవ్ ఇయ్యాల?"

బయట నుంచి తెప్పించుకుంటున్నానని చెప్పాను. నాకు ఒళ్లు బాగాలేదనుకుని తొమ్మిదో అంతస్తు వచ్చేదాకా ఓదార్చింది.

నియమాల్లో కారిడార్ ఉంది, మెట్లున్నాయి, పార్కింగ్ ఉంది. లిఫ్ట్ లేదు. మీటలు నొక్కేవాళ్లు నొక్కుతుంటే అవ్వ పైకీ కిందికీ తిరుగుతూ ఉండేది. మొదట్లో జనం చెవుల్లో ఇయర్‌ఫోన్లు కుక్కుకున్నారు. అవ్వ వాటిని కమ్మలనుకుందో ఏమో, లెక్కచెయ్యలేదు. నెమ్మదిగా ఒక్కొక్కరూ తీసేశారు. అప్రైజల్‌లో మేనేజర్ చేతిలో దెబ్బతిన్న ఒక పెద్ద ఆర్కిటెక్ట్ నా కళ్లముందే అవ్వ దగ్గర కళ్లు తుడుచుకున్నాడు. "వాన్ని జర పక్కకు పెట్టు బిడ్డా. పోయి అన్నం తిను" అంది. వారం వారం కౌన్సెలర్‌కు ఫీజు కడుతున్న మనిషి, బుద్ధిగా తలూపి వెళ్లి తిన్నాడు.

అవ్వ కథలకు మా అంతస్తులు చాలేవి కావు. బావిలో బర్రె పడ్డ కథ వినడానికి నేను తొమ్మిదిలో దిగకుండా పైదాకా వెళ్లి, మళ్లీ కిందికొచ్చి, మళ్లీ పైకెళ్లాను. ఆ బావి ఇప్పుడు మా పూల్ ఉన్నచోటే ఉండేదట. బర్రె మాత్రం క్షేమంగా బయటపడింది.

ఇక చూడండి, సాయంత్రమైతే ఆ లిఫ్ట్ ముందు క్యూ, పక్క లిఫ్ట్ ఖాళీ. ఇంతమంది ఇంజినీర్లున్న చోట ఒక క్యూ కనబడితే ఊరుకుంటామా? ప్రెసిడెంటు గారు స్లైడ్లు వేసి పరిష్కారం చూపించారు. ఒకటి మాట్లాడే లిఫ్ట్, ఒకటి మౌన లిఫ్ట్. మాట్లాడే దానికి యాప్‌లో స్లాట్ బుక్ చేసుకోవాలి. స్లాట్‌కు నలుగురు. దిగాక రేటింగ్ చుక్కలు కూడా ఇవ్వొచ్చు. అందరూ చప్పట్లు కొట్టారు. మొదటి రోజే ఎవరో మూడు చుక్కలిచ్చి, కథ మధ్యలో అంతస్తు వచ్చేసిందని రాశారు.

నాకు శుక్రవారం సాయంత్రం దొరికింది. పండగకు వెళ్తున్నట్టు ఆఫీసు నుంచి తొందరగా వచ్చాను. మేం నలుగురం లోపలికెక్కి నిలబడ్డాం. కోడలు ఆ రోజు పెందలాడే వచ్చిందట, ఆమెకు టీ పెట్టిచ్చి రోజూ ముందే ఎక్కి కూర్చునే అవ్వ కాస్త ఆలస్యంగా స్టూల్ చంకన పెట్టుకుని మౌన లిఫ్ట్‌లో కిందికొచ్చింది. మూసాపేట నుంచి వచ్చే సెక్యూరిటీ ఆయన చెయ్యి అడ్డంపెట్టాడు.

"అవ్వా, ఏమనుకోకు. నలుగురు బుక్ జేసుకున్నరు. యాప్‌ల నీ పేరు లేదు."

మా నలుగురిలో ఒకరైనా దిగాల్సింది. స్లాట్ పోతుందని ఎవరికి వారే ఆగాం.

"సరే, మీరు పోండ్రి బిడ్డా" అంది అవ్వ. తలుపులు మూసుకున్నాయి. మాట్లాడే లిఫ్ట్‌లో మేం నలుగురం తలలెత్తి అంకెలు చూస్తూ పైకెళ్లాం. నాకు సిగ్గుతో చెవులు కాలిపోయాయి.

ఆ తర్వాత అవ్వ కిందికి రాలేదు. సాంకేతిక కారణాల వల్ల సేవ తాత్కాలికంగా నిలిపివేశామని గ్రూపులో పెట్టారు. బుకింగ్ వృథా అయినవాళ్లు మరో తేదీ అడిగారు. అవ్వకేమైందని ఎవరూ అడగలేదు.

ఆదివారం ఆరో అంతస్తులో దిగాను. ఏ తలుపో తెలియక అక్కడ ఆడుకుంటున్న పాపను అడిగి బెల్ కొట్టాను. అవ్వే తీసింది. నన్ను చూసి కంగారుపడింది.

"ఏమైంది బిడ్డా, లిఫ్ట్ ఖరాబైందా?"

"లేదవ్వా. ఊరికే వచ్చినా, నీతో మాట్లాడదామని."

అవ్వ నా ముఖంలోకి చూసింది. నా వెనక ఇంకెవరైనా ఉన్నారేమోనని కారిడార్‌లోకి తొంగి చూసింది.

"ఊకెనే ఎవరొస్తరు ఈడికి?" అంది. "చెప్పు బిడ్డా, ఏం పని బడ్డది?"