అన్న పొరలు, తమ్ముడి ఫర్నేస్

మా ఆయనకు కుళ్ళు. కట్టుకున్నదాన్ని, నేనే చెబుతున్నాను. లోకంలో ఎవరికి ఏం కలిసొచ్చినా పట్టించుకోడు. తోడబుట్టిన తమ్ముణ్ణి ఎవరైనా ఒక్క మాట మెచ్చుకున్నారా, ఆ పూటకి ఇక అన్నం సహించదు.

ఆయన, మరిది, నేను, ముగ్గురం ఒకేచోట, లేజర్ చిప్పులు తయారుచేసే కంపెనీలో పని చేస్తాం. అద్దంలా మెరిసే పలుచని బిళ్ళ మీద మా ఆయన అణువుల పొరలు పేరుస్తాడు. రెండు మందపాటి పొరల మధ్య కంటికి ఆననంత సన్నని పొర ఒకటి ఉంటుంది. దాన్ని మావాళ్ళు క్వాంటమ్ బావి అంటారు. వెలుగు పుట్టేది అందులోనే. ఆ బావి గోడలు ఎంత నిటారుగా వస్తే ఆయనకంత గర్వం. "చూడవే, ఇక్కడ ఈ పొర అయిపోయింది, ఇక్కడ ఆ పొర మొదలైంది. ఒక్క అణువు అటూ ఇటూ కాలేదు" అని మురిసిపోయేవాడు. ఆ బిళ్ళలు చివరికి నా బల్ల మీదికి వస్తాయి. వాటి నుంచి ఏ రంగు వెలుగు వస్తోందో కొలవడం నా పని.

మరిదిని ఈ కంపెనీలో చేర్పించింది ఆయనే. దగ్గరుండి పని నేర్పాడు. బిళ్ళల్ని కొలిమిలో పెట్టి కాల్చే ఫర్నేస్ గదిలో అయితే తనకు పోటీ రాడని అక్కడ పడేశాడు. తీరా చూస్తే ఆ ఏకే మేకై కూర్చుంది!

మా లేజర్లకు ఒక జబ్బు ఉండేది. తమ వెలుగును తామే మింగి, కొన దగ్గర వేడెక్కి మాడిపోయేవి. మరిది ఆ కొనల మీద మాత్రం గాజు పూత వేసి, బిళ్ళను ఫర్నేస్‌లో పెట్టాడు. వేడికి పై పొరలోని అణువులు కొన్ని గాజులోకి వెళ్ళిపోతాయి. అవి వదిలిన ఖాళీలు కిందికి దిగుతాయి. ఆ సందు చూసుకుని బావిలోని అణువులూ గోడల్లోని అణువులూ చోట్లు మార్చుకుంటాయి. గోడలు చెదిరి బావి అడుగు పైకి లేస్తుంది. అక్కడ వెలుగు రంగు కాస్త నీలం వైపు జరుగుతుంది. మిగతా చిప్పులో పుట్టిన వెలుగును ఆ కొన ఇక మింగకుండా వదిలేస్తుంది. దాంతో మాడడం తప్పింది.

పెద్దసారు మరిదిని నెత్తిన పెట్టుకున్నారు. మా ఆయన అగ్గిమీద గుగ్గిలం. "గీత గీసినట్టు నేను కట్టిన గోడల్ని వాడు చెరిపేస్తే చప్పట్లా? చెరపడం కూడా ఒక విద్యేనా?" అని ఇల్లు పీకి పందిరేశాడు. అబద్ధమెందుకు, నాకూ ఒళ్ళు మండింది. ఆ వారం నుంచి మా తోడికోడలి నడకే మారిపోయింది మరి.

ఇంతలో సెక్షన్ ఇన్‌చార్జి పదవి ఖాళీ అయింది. అన్నదమ్ముల్లో ఒకరికే. కొత్త బ్యాచ్ కుదిరితే మరిదికే ఇస్తామన్నారు. అంటే అన్న వెళ్ళి తమ్ముడి ముందు చేతులు కట్టుకుని నిలబడాలి.

ఆ బ్యాచ్ నా బల్ల మీదికి వచ్చింది. కాల్చిన కొనలో వెలుగు రంగు నీలం వైపు జరిగీ జరగనట్టు కదిలి ఆగిపోయింది. మరిది వేడి పెంచి ఇంకో బిళ్ళ కాల్చాడు. అదీ అంతే. పెద్దసారు అందరి ముందూ దులిపేశారు. మరిది తల దించుకుని, "అన్నయ్య పొరల్లో తేడా ఉండదు సార్. నా చేతిలోనే ఎక్కడో చెడింది" అన్నాడు.

ఆ సాయంత్రం మా ఆయన కూనిరాగం తీస్తూ ఇంట్లోకి వచ్చాడు. నాకు అనుమానం తగిలింది.

"ఏం చేశారండీ?"

"ఏం చెయ్యలేదే. పై పొర కాస్త మందంగా వేశానంతే. ఇక ఆ ఖాళీలు బావిదాకా ఏం దిగుతాయి?"

"సిగ్గు లేదూ?" అన్నాను గానీ, తోడికోడలి ముఖం తలుచుకుంటే నాకూ లోపల చల్లగానే ఉంది.

పదవి మా ఆయనకే వచ్చింది. ఆదివారం మరిది ఒక్కడే ఇంటికి వచ్చి, అన్నతో చెయ్యి కలిపి, నేనిచ్చిన టీ తాగాడు. మా ఆయన ఊరుకుంటేగా? "బ్యాచ్ ఎక్కడ చెడిందో తెలిసిందట్రా?" అని గుచ్చాడు.

"తెలిసిందన్నయ్యా. రెండోది కూడా పోయాక ఒక ముక్క విరిచి, మైక్రోస్కోప్ కింద అంచు చూశా. పై పొర రెట్టింపు మందం ఉంది."

మా ఆయన ముఖంలో నెత్తురు చుక్క లేదు. "అంటే, సారు నిన్ను తిట్టేటప్పటికే..."

"తెలుసు."

"మరి చెప్పలేదేం రా?"

"చెబితే నీ ఉద్యోగం పోతుంది కదన్నయ్యా" అని గ్లాసు కింద పెట్టాడు. "వస్తా వదినా" అని వెళ్ళిపోయాడు.

మా ఆయన కుర్చీలోంచి కదల్లేదు. లేచి తమ్ముణ్ణి వెనక్కి పిలుస్తాడేమోనని చూశాను.

"చూశావా వాణ్ణి?" అన్నాడు పళ్ళు కొరుకుతూ. "మంచితనంలో కూడా నన్ను మించిపోవాలి వెధవకి!"

అని, చిన్నపిల్లాడిలా ఏడ్చేశాడు.