గోడ అవతలి చదువు

కపాంబ్వె మాస్టారికి జీతం లేదు. ప్రభుత్వ బడి ఏటి అవతల, నాలుగు గంటల నడక. అందుకని మా ప్రార్థన మందిరంలోనే పొద్దున పిల్లలకూ, పొలం పనులయ్యాక మాలాంటి ముదురు తలకాయలకూ ఆయనే చదువు చెబుతాడు. నెలకోసారి సంఘం వాళ్ళు గంపెడు చిక్కుడు గింజలు ఇస్తారు. అవీ పురుగు పట్టినవే. ఆయన నవ్వుతూ తీసుకుంటాడు తప్ప గట్టిగా ఒక్క మాట అనడు. ఆ నెమ్మదితనం చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది.

ఆయనది ఈ ఊరు కాదు. మా కటోంగో కూతురు మ్వాంగోని పెళ్ళి చేసుకుని, మా పద్ధతి ప్రకారం అత్తగారి ఊరికే వచ్చి ఉండిపోయాడు. పదకొండేళ్ళయింది. ఈ పదకొండేళ్ళలో అత్త కటోంగో ముఖం ఆయన చూడలేదు, ఆయన ముఖం ఆమె చూడలేదు. అత్తవారు అన్ని రకాలూ వండి, అల్లుడి ముందు కుండ కుండకీ మూత తీసి చూపించే విందు ఒకటి జరగాలి. దాన్ని మేం అల్లుణ్ణి లోపలికి తీసుకోవడం అంటాం. అప్పటిదాకా ఇద్దరూ ఎదురుపడకూడదు. దారిలో ఆయన సైకిలు గంట వినబడితే చాలు, కటోంగో పైగుడ్డ ముఖం మీదికి లాక్కుని పొదల్లోకి తప్పుకునేది. ఓసారి అలాగే చీమల పుట్టలో కాలు పెట్టి వారం రోజులు కుంటింది.

విందుకి మాట ఇవ్వాల్సింది ఆమె అన్న చోంబా. "గొంగళిపురుగుల కాలం రానీ, అప్పుడు చూద్దాం" అని ఏటా అదే పాట పాడేవాడు. చెట్ల మీద దొరికే ఆ పురుగుల కూర లేకపోతే మాకు విందు విందే కాదు.

పోయిన వానాకాలంలో కటోంగో కళ్ళకి పొర రావడం మొదలైంది. ఆమెకి చదువు పిచ్చి పట్టుకున్నదీ అప్పుడే.

"పూర్తిగా గుడ్డిదాన్నయ్యేలోపల ఒక్క కీర్తన నా కళ్ళతో నేను చదువుకోవాలే లుంబా," అంది నాతో. "ఇన్నేళ్ళూ ఎవరో చదివితే విన్నా. వాళ్ళు సగం మింగేసినా నాకేం తెలుసు?"

"మ్వాంగోని నేర్పమనరాదూ?"

"దాంతోనా! మేమిద్దరం పోట్లాడుకోకుండా ఒక కుండ కడగలేం."

"మరి అల్లుడి ఎదురుగా ఎలా కూర్చుంటావ్?"

"ఎదురుగా ఎందుకు? గోడ వెనకాల కూర్చుంటా."

అన్నట్టే మందిరం బయట, కిటికీ కింద, కీర్తనల పుస్తకం ఒళ్ళో పెట్టుకుని, గోడకి వీపు ఆనించి కూర్చునేది. మాస్టారు ఆమె కోసం గొంతు పెంచేవాడు. "బయట ఉన్నవాళ్ళు కూడా చెప్పాలి" అనేవాడు కిటికీ వైపు చూడకుండా. అందరికన్నా ముందు ఆమె గొంతే వినబడేది. మూడు నెలలకి ఒక కీర్తన మొత్తం తడుముకోకుండా అప్పగించింది. మాస్టారి ముఖం వెలిగిపోయింది.

"చూశారా? ఎదురుగా కూర్చున్న మీకంటే గోడ అవతలి వాళ్ళే నయం," అని మమ్మల్ని దెప్పాడు.

నాకు రోషం వచ్చింది. లేచి వెళ్ళి కిటికీలోంచి కిందికి తొంగి చూశాను. పుస్తకం ఆమె ఒళ్ళో మూసి ఉంది.

"ఏం కటోంగో, పుస్తకం తెరవకుండానే చదివేస్తున్నావే!" అన్నాను అందరికీ వినబడేట్టు. ఆ మాట అని ఉండాల్సింది కాదు. ఇప్పటికీ నన్ను నేను తిట్టుకుంటాను.

అందరూ నవ్వారు. మాస్టారు మాత్రం సుద్దముక్క కింద పెట్టేశాడు.

"తప్పు నాది. చెవికి చెప్పాను, కంటికి చెప్పలేదు," అన్నాడు. "ఏ అక్షరం మీద వేలు పెడుతున్నారో చూడకుండా చదువెలా చెప్పగలను?"

నేను మళ్ళీ కిటికీలోంచి కిందికి చూశాను. కటోంగో వెళ్ళిపోయింది.

సాయంత్రం వాళ్ళింటికి వెళ్ళాను. రోలు పక్కన ఊరికే కూర్చుని ఉంది.

"నేను మోసం చెయ్యలేదే," అంది. "వినగానే నోటికి వచ్చేసింది. అదే చదువనుకున్నా." ఏడ్చింది. నాకూ ఏడుపు ఆగలేదు. "ఎడమ కన్ను అయిపోయింది లుంబా. కుడిదాంట్లోనే కాస్త మిగిలింది."

మర్నాడు పొద్దున్నే అన్న ఇంటికి బయల్దేరింది. నేనూ వెంట వెళ్ళాను.

"అన్నా, విందు ఈ శనివారం."

"గొంగళిపురుగుల కాలం రానీ..."

"అవొచ్చేసరికి నా కళ్ళుండవు. కనబడకుండా పోయాక అల్లుడికి ఎదురుపడి ఏం చేసుకోను? నువ్వు రాకపోతే నీ పీట మీద రోకలి కూర్చోబెట్టి కానిచ్చేస్తా."

 శనివారం అందరికన్నా ముందొచ్చి కూర్చున్నది చోంబాయే.

ఊళ్ళో ఆడవాళ్ళందరం వండాం. కర్రపెండలం పిండితో ముద్ద, కోడికూర, వేరుశనగ పొడి వేసిన గుమ్మడాకు, చేపలు, నిరుటి ఎండు గొంగళిపురుగులు, చిక్కుడు గింజలు. పురుగు పట్టనివి నేనే ఏరి తెచ్చాను. పెద్దవాళ్ళు ఒక్కో కుండ మూత తీసి, "ఇక నుంచి ఇది నీకూ ఉంది" అని చెబుతుంటే మాస్టారు తల వంచుకుని విన్నాడు. కటోంగో ఆ రోజంతా ముసుగులోనే ఉంది. పద్ధతి అంతే.

సోమవారం ఆమె మందిరం తలుపులోంచి లోపలికి వచ్చి, ముందు వరసలో నా పక్కన కూర్చుంది. మాస్టారు ఆమె ఎదురుగా మోకాళ్ళ మీద కూర్చుని, పుస్తకం తెరిచి, మొదటి అక్షరం మీద వేలు పెట్టాడు.

"ఇక్కడ చూడండి అత్తా."

ఆమె పుస్తకం వైపు చూడలేదు. ముసుగు వెనక్కి తోసి, ఆయన ముఖానికి బాగా దగ్గరగా జరిగి, కుడికన్ను చికిలించి చూస్తూ ఉండిపోయింది. మాస్టారు అక్షరం మీద వేలితో తట్టాడు.

"అత్తా, అక్షరం..."

"ఉండవయ్యా," అంది కటోంగో. "ఉన్న చూపే కాస్త. ముందు నిన్ను చూడనీ."