కంచెకు కట్టిన చీర

మా అత్త పోయిందని బామ్మర్ది ఫోన్ చేసినప్పుడు నేను మత్తిగిరిలో కంపెనీ బస్సు కోసం నిలబడి ఉన్నాను. "పొద్దున లేపితే లేయలేదు బావా," అన్నాడు. అంతకంటే వివరం లేదు. కంపెనీ బస్సు వచ్చింది, వెళ్ళిపోయింది. నేను అత్త ఊరివైపు పోయే డెంకణికోట బస్సు ఎక్కాను.

ఆమె నా భార్య తల్లి. నా భార్య పోయి మూడేళ్ళు కావస్తోంది. మాకు పిల్లలు లేరు. ఇక అత్తకూ అల్లుడికీ మధ్య పనేముంటుందని మీరు అనుకోవచ్చు. ఆమె మాత్రం రెండు నెలలకొకసారి సంచిలో ఉలవలో చెనిక్కాయలో పోసుకుని వచ్చేది. నీళ్ళు తాగకముందే నా బీరువా తెరిచేది.

"రెండు చేతులకు ఇన్ని చొక్కాలేందప్పా?"

ఆమె పద్ధతి ఒకటే. బట్టలన్నీ నేల మీద పోసి మూడు కుప్పలు చేసేది. గుడికి, ఇంటికి, చేనికి. ఏ కుప్పలోనూ పడనిది ఎవరికో ఒకరికి ఇచ్చేయాల్సిందే. "గుడ్డకు పని ఉండాల. ఊరికే పండుకునేదానికి అదేమన్నా నువ్వా?" అనేది, నా ఆదివారం నిద్రను ఉద్దేశించి. సన్నబడితే వేసుకుందామని నేను దాచిన ప్యాంటును పైకెత్తి చూసి, నువ్వు సన్నబడేలోపల దీని జిప్పు తుప్పు పడుతుంది పో అంది. మరుసటి నెల ఆ ప్యాంటు బామ్మర్ది ఒంటి మీద కనిపించింది. వాడికి బాగానే ఉంది.

నా భార్య పోయిన ఆరు నెలలకు అత్త వచ్చి కూతురి చీరలు దించింది. ఏడవలేదు. ఒక్కొక్క చీరా విప్పి, "ఇది ఎప్పుడు కట్టింది?" అని అడిగింది. చాలావాటికి నాకు జవాబు తెలియదు. పదేళ్ళు కాపురం చేసి అది కూడా తెలియనందుకు సిగ్గుపడ్డాను. నాకు తెలిసింది ఒక్కటే, కొంగు మీద పసుపు మరక ఉన్న నీలం నూలు చీర. పొద్దున నాకు క్యారియర్ కట్టేటప్పుడు అదే కట్టుకుని ఉండేది. దాన్ని ఇవ్వనన్నాను.

అత్త ఆ చీరను మడిచి నా చేతిలో పెట్టింది. "సంవత్సరం ఉంచుకో. మళ్ళా వస్తాను."

అన్నట్టే సంవత్సరానికి వచ్చింది. "దీనికి ఈడ ఏం పని?" అంది. ఇచ్చేశాను.

తర్వాత ఊరికి వెళితే అత్త ఆ చీరనే మోకాళ్ళ దాకా ఎగ్గట్టుకుని చెనిక్కాయ చేలో కలుపు తీస్తోంది. ఈ ఏడాది వెళ్ళేసరికి అది చేను చుట్టూ ఉన్న కంచెలో ఉంది. అడవిపందులు రాకుండా అక్కడ పాత చీరలను గుంజలకు వరుసగా కడతారు. ఆ వరుసలో దాన్ని చూసి నాకు ఒళ్ళు మండింది.

"దాన్ని పందులకు కట్టినావా అత్తా?"

"చినిగిపొయ్యింది కదప్పా. చేనికి కాపలా పెట్టినాను."

"అడవిలోంచి ఏనుగు వస్తే?"

"ఏనుగు నన్ను చూసినా ఆగదు. చీరను తిడితే ఏం లాభం."

నేను నవ్వలేదు. అన్నం తినకుండా వచ్చేశాను. ఆ తర్వాత ఆమె రెండుసార్లు ఫోన్ చేసింది, ఎత్తలేదు. ఈ నాలుగు మాటలూ రాయడానికి కూర్చున్నది ఇది చెప్పడానికే. మిగతావి ముందు వచ్చేశాయి.

కర్మ అయిన మరుసటి రోజు బామ్మర్ది ఆమె ట్రంకు పెట్టె తెచ్చి నా ముందు పెట్టాడు. "ఏది ఉంచల్లో నువ్వే చెప్పు బావా. నాకు చేతకాదు."

అయిదు చీరలు ఉన్నాయి. గుడికి ఒకటి, ఇంటికి రెండు, చేనికి రెండు. ఇచ్చేయడానికి ఏమీ మిగల్లేదు. ఇలాంటి పెట్టె సర్దడానికి మనిషి అవసరం లేదు. అవన్నీ వాడి దగ్గరే పెట్టుకోమని, కంచెలో ఉన్న వాళ్ళక్క చీర మాత్రం నేను తీసుకుపోతానని చెప్పాను.

"తీసుకోపో," అన్నాడు. "వాన వస్తే అమ్మ ఆ ఒక్కదాన్నే విప్పుకొని వస్తా ఉండె. ఇంట్లో ఆరేసి, తెరిపిచ్చినాక మళ్ళా పొయ్యి కట్టేది. మిగతా చీరలన్నీ ఆడనే నానతా ఉండె. ఎందుకమ్మా అంటే నాకేం చెప్పలేదు."

నాకూ చెప్పలేదు. చెప్పడానికే ఆ రెండుసార్లు ఫోన్ చేసిందో, ఉలవలు పంపనా అని అడగడానికే చేసిందో, ఇక తెలియదు. బాధగా ఉంది.

చేను దగ్గరికి వెళ్ళేసరికి మబ్బు దట్టంగా పట్టింది. ఒక కొస ముడి సులువుగానే వచ్చింది. రెండోది ఎంతకీ రాలేదు. ఆమె చేతులతో బిగించిన ముడి. అలాగే వదిలేద్దామా అని ఒక్క నిమిషం ఆగాను. ఈలోగా చినుకులు మొదలయ్యాయి. పళ్ళతో పట్టి లాగి విప్పాను. నోటినిండా మట్టి. చీరను చొక్కా లోపలికి దోపుకుని గట్టు మీద ఇంటివైపు నడిచాను. వెనక మిగతా చీరలు గుంజల మీద ఉన్నవి ఉన్నట్టే తడుస్తున్నాయి.