సరళీ వరుసలు పాడిన ఆదివారం

కరోనాకి బడులు రెండోసారి మూసేసిన చలికాలంలో మా అమ్మాయికి సంగీతం చెప్పడం మొదలుపెట్టాను. చెప్పడం అనేది పెద్ద మాట. చిన్నప్పుడు గుంటూరులో ఒక మాస్టారి దగ్గర కొన్నాళ్లు నేర్చుకుని, క్రికెట్ పిచ్చిలో పడి మానేసిన వాణ్ణి. సరళీ వరుసలు, జంట వరుసలు, అక్కడితో సరి. ఎనిమిదేళ్ల పిల్ల రోజంతా టాబ్లెట్ ముందు కూర్చోవడం చూడలేక, నేను ఆఫీసు లాప్‌టాప్ తెరిచేలోపు ఇద్దరం హాల్లో చాప వేసుకుని కూర్చునేవాళ్లం. ఫోన్లో శ్రుతి పెట్టుకుని స, రి, గ, మ. ముందు నెమ్మదిగా, తర్వాత దానికి రెట్టింపు వేగంతో, ఆపైన ఇంకో రెట్టింపు.

ఒక రోజు పొద్దున తలుపు గంట మోగింది. కింది వాటాలో ఒంటరిగా ఉండే పెద్దావిడ. స్కూల్లో టీచరుగా చేసి రిటైరైంది. డ్యూసెల్‌డార్ఫ్‌లో మేముండే బిల్డింగులో చప్పుడు గురించి పట్టింపు ఎక్కువ. నేను క్షమాపణ సిద్ధం చేసుకునే తలుపు తీశాను.

"సారీ అండీ. రేపటి నుంచి కిటికీ మూసుకుంటాం" అన్నాను నాకొచ్చిన జర్మన్‌లో.

ఆవిడ మాస్కు పెట్టుకుని రెండు మెట్లు కిందే నిలబడింది. "అయ్యో, మూయకండి. మీరు పొద్దున్నే చేసే ప్రార్థన ఏ దేవుడిదో అడుగుదామని వచ్చాను."

"ప్రార్థన కాదండీ. పిల్లలకి మొట్టమొదట నేర్పే స్వరాలు. పియానో నేర్చుకునేవాళ్లు వేళ్లకి కసరత్తు చేస్తారు చూడండి, అలాంటిది."

"సరే, ఏదైతేనేం. నేను ఆ వేళకే కిటికీ దగ్గర కూర్చుని కాఫీ తాగుతున్నాను" అని దిగి వెళ్లిపోయింది.

ఆ తర్వాత మెట్ల మీద కనిపించినప్పుడల్లా నిలబడి మాట్లాడుకునేవాళ్లం. చర్చి వదిలేసి చాలా ఏళ్లయిందట. ఒక చిన్న సంఘంలో ఉంది. వాళ్లకి పాస్టరు లేడు, ఫలానాది నమ్మితీరాలనే నియమం లేదు. ఆదివారాలు కలుస్తారు. వంతు వచ్చినవాళ్లు ఏదో ఒక మత గ్రంథంలోంచి ఒక పేజీ చదువుతారు, అందరూ కలిసి పాడతారు, కాసేపు మౌనంగా కూర్చుంటారు. కరోనా వచ్చాక గదుల్లో అందరూ కలిసి పాడటం నిషేధం. "పాట పోయాక మౌనం కూడా కుదరడం లేదు. ఊరికే దగ్గు ఆపుకుంటూ కూర్చున్నట్టుంది" అంది.

కేసులు తగ్గి, ఆరుబయట కలుసుకోవచ్చన్నాక, జూన్ నెలలో ఆవిడ మళ్లీ పైకొచ్చింది. ఆ ఆదివారం ఒకరి తోటలో కలుస్తున్నామని, మా ఇద్దర్నీ వచ్చి పాడమని అడిగింది.

మా ఆవిడ వ్యాక్సిన్ అపాయింట్‌మెంటు కోసం ఫోన్లో వెతుకుతోంది. విని తలెత్తింది. "మీకొచ్చిందల్లా సరళీ వరుసలేగా. అంతమంది ముందు ఏం పాడతారండీ?"

"అవే పాడమంటోంది."

"బాగుండదు. మన సంగీతం అంటే ఇంతేనా అనుకోరూ? యూట్యూబ్ చూసి చక్కగా ఒక కీర్తన నేర్చుకోండి, ఇంకా నాలుగు రోజులున్నాయిగా."

రెండు రోజులు ప్రయత్నించాను. అయ్యే పని కాదని తేలిపోయింది. పెద్దావిడతో, "దేవుడి పాటేదీ నాకు రాదండీ" అని చెప్పేశాను. "మా దగ్గర కూడా అన్నీ వచ్చినవాళ్లు ఎవరూ లేరు" అంది.

ఆదివారం వాన లేదు. తోటలో కుర్చీలు దూరదూరంగా వేశారు. ఎక్కువమంది ముసలివాళ్లే. వంతు వచ్చిన ఆయన బౌద్ధ గ్రంథంలోంచి ఊపిరి గురించి ఒక పేజీ చదివాడు. తర్వాత పెద్దావిడ మావైపు తల ఊపింది. గడ్డి మీద దుప్పటి పరుచుకుని కూర్చున్నాం. ఫోన్లో శ్రుతి పెట్టాను.

మొదటి కాలం బాగానే సాగింది. అన్నిటికంటే వేగమైన మూడో కాలంలో నాకు తాళం తప్పింది. మా అమ్మాయి తప్పలేదు. నావైపు చూడను కూడా చూడకుండా తొడ మీద తాళం వేసుకుంటూ ఒక్కతే పాడుకుంటూ పోయింది. మళ్లీ పై షడ్జం దగ్గర దాన్ని అందుకున్నాను. ఇంట్లో రోజూ దేవుడి ముందు నిలబడి శ్లోకం చదువుతాను. నోరు చదువుతుంటే మనసు ఆఫీసులో తేలని పనుల మీద ఉంటుంది, అయినా శ్లోకం ఆగదు. ఇక్కడ మనసు పక్కకి పోతే స్వరం వెంటనే పట్టిచ్చేస్తోంది. ఆ తేడా నాకు ఆ దుప్పటి మీద కూర్చున్నప్పుడే తెలిసింది.

ఆపాక ముందు వరుసలో ఒకాయన కళ్లు తెరిచి, "చాలా లోతుగా ఉంది. దీని అర్థమేమిటి?" అని అడిగాడు.

నేను మాటలు వెతుక్కునేలోపే మా అమ్మాయి జర్మన్‌లో చెప్పేసింది. "అర్థం ఏమీ లేదు. అవి ఉట్టి స్వరాలు."

ఆయన మొహం కొంచెం చిన్నబోయింది. ఇద్దరు ముగ్గురు నవ్వారు. చివరి కుర్చీలో ఒకావిడ మాత్రం నవ్వలేదు. చలికాలంలో ఆవిడ భర్త ఆసుపత్రిలో పోయాడని, చివర్లో చూడనివ్వలేదని పెద్దావిడ తర్వాత ఇంటికొచ్చే దార్లో చెప్పింది.

"ఇన్ని నెలలుగా అందరూ నాకు అర్థమున్న మాటలే చెబుతున్నారు" అంది ఆవిడ. "అర్థం లేనిది వినడం ఇదే మొదలు. కాస్త తెరిపిగా ఉంది."

ఆ తర్వాత చాలాసేపు అలాగే కూర్చున్నారు. మా అమ్మాయి కూడా గడ్డి పీక్కుంటూ కదలకుండా కూర్చుంది.

లేచి వస్తుంటే చివరి కుర్చీలో కూర్చున్న ఆవిడ గేటు దగ్గర ఆగింది. "నాకు నేర్పుతారా?"

"నాకే సరిగా రాదండీ. తాళం తప్పడం మీరూ చూశారు."

"వచ్చినంత నేర్పండి."

గురువారం సాయంత్రాలు రావడం మొదలుపెట్టింది. చలి వచ్చేదాకా బాల్కనీలో, తర్వాత కరోనా టెస్టు చేయించుకుని హాల్లో. సరళీ వరుసల్లో రిషభం వాళ్ల 'రే' కంటే కిందికి దిగి ఉంటుంది, ఆవిడ గొంతు అలవాటు కొద్దీ పైకి పోయేది. "కిందికి, ఇంకా కిందికి" అని మా అమ్మాయి చేత్తో చూపించేది. ఆవిడ ఏనాడూ విసుక్కోలేదు. భర్త గురించి మా ఇంట్లో ఒకటి రెండు సార్లే మాట్లాడింది. అదీ వంటింట్లో మా ఆవిడతో, ఉల్లిపాయలు తరుగుతూ.

మరుసటి ఏడాది ఆంక్షలు ఎత్తేశాక ఆ సంఘం వాళ్లు తమ హాలుకీ, తమ పాటల పుస్తకానికీ తిరిగి వెళ్లిపోయారు. మమ్మల్ని మళ్లీ పాడమని అడగలేదు, మేమూ ఎదురు చూడలేదు. అప్పుడప్పుడు ఆదివారాలు వెళ్తాను. మా అమ్మాయి హ్యాండ్‌బాల్‌లో చేరి సంగీతం మానేసింది. నేను మానలేదు. విజయవాడలో ఒక టీచరుగారి దగ్గర ఆన్‌లైన్‌లో జంట వరుసలు దాటి అలంకారాల్లోకి వచ్చాను. క్లాసు గురువారమే పెట్టించుకున్నాను. లాప్‌టాప్ ముందు రెండు కుర్చీలు వేసి ఉంటాయి. "మీ పక్కనున్న మేడం రిషభం మీకంటే బాగుందండీ" అన్నారు టీచరుగారు మొన్న. అదేమిటో జర్మన్‌లో చెప్పమని ఆవిడ అడిగితే, చెప్పక తప్పలేదు.